అడవిలో ఒక అమానతు

భూమిపై సంచరించి చూడమని దివ్య ఖుర్ఆన్ మానవుణ్ణి పలుచోట్ల ఆదేశించింది. ముప్పై ఏళ్లుగా మదరసాలో ఆ వాక్యాలకు వ్యాఖ్యానం చెబుతున్నాను. నా సంచారం మాత్రం కర్నూలు నుండి హైదరాబాదు వరకు, అల్లాహ్ అనుగ్రహంతో ఒకసారి హజ్ యాత్ర వరకు మాత్రమే సాగింది. గత వేసవిలో మా అబ్బాయి పట్టుబట్టి పిలవగా నేనూ నా శ్రీమతీ అమెరికా వెళ్లి రెండు నెలలు ఉండి వచ్చాము. అబ్బాయి కాపురముండేది ఆ దేశపు వాయవ్య కొసన, ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరాన్ని ఆనుకుని ఉన్న బీవర్టన్ పట్టణంలో. అక్కడ చూసిన వింతలన్నీ ఏకరువు పెట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మనవడితో, మనవరాలితో కలసి ఆడిన ఒక ఆటను గురించి, ఆ ఆటలో నా కాలు తడబడిన ఒక ఘడియను గురించి మాత్రమే వ్రాయదలచాను.

మనవడికి పదేళ్లు, మనవరాలికి ఆరేళ్లు. బడికి సెలవులు రాగానే ఇద్దరూ తెరలకు అతుక్కుపోయారు. నేను పలకరిస్తే పొడిమాటలతో సరిపెట్టేవారు. వాళ్ల ఉర్దూ, తెలుగు అంతంత మాత్రం. నా ఆంగ్లం అంతకంటే తక్కువ. ఇది గమనించిన మా కోడలు ఒక ఉపాయం చేసింది. “సెలవులు ముగిసేలోగా జంతువుల పేర్లున్న ఏడు పెట్టెలను మీరు వెతికి పట్టాలి. ప్రతి పెట్టె దగ్గర దాదా ఆ జంతువును గురించి మన ధర్మంలో ఏముందో చెప్పాలి. చెప్పకపోతే ఆ పెట్టె లెక్కకు రాదు” అన్నది. అలా ఆ పందెంలో నేనూ ఒక పాత్రధారిని అయ్యాను.

ఏమిటీ ఆట?

దీని పేరు జియోక్యాషింగ్. ఒకరు ఒక చిన్న డబ్బాను బయట ఎక్కడో దాచి, ఆ స్థలపు అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేస్తారు. ఇతరులు ఫోనులోని జీపీఎస్ సాయంతో అక్కడికి చేరి వెతుకుతారు. డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది. దొరికినవారు అందులో తమ పేరు, తేదీ వ్రాసి, డబ్బాను ఎక్కడిది అక్కడే దాచి రావాలి. కొన్ని డబ్బాలలో పిల్లల కోసం చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒకటి తీసుకుంటే అంతే విలువైనదో, అంతకు మించినదో మరొకటి ఉంచాలి. తినుబండారాలు, మద్యం, ఆయుధాలు పెట్టరాదు. వెతకడం ఎంత కష్టమో, దారి ఎంత కష్టమో 1 నుండి 5 వరకు అంకెలతో ముందే సూచిస్తారు. ముసలివాళ్లూ పసిపిల్లలూ ఉన్న మా గుంపు 1, 2 అంకెలు దాటలేదు.

ఆట పుట్టుక ఈమధ్యదే. ఉపగ్రహాలు అందించే స్థాన సమాచారాన్ని సాధారణ ప్రజలకు అందేసరికి అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత తప్పుగా మార్చేది. 2000 మే నెల మొదట్లో ఆ అడ్డంకిని తొలగించింది. ఒక్కసారిగా సామాన్యుని చేతిలోని పరికరం కూడా కొద్ది మీటర్ల తేడాతో చోటును చూపసాగింది. ఆ మరుసటి రోజే, మే 3న, డేవ్ అల్మర్ అనే వ్యక్తి ఒక నల్లని బకెట్టులో కొన్ని పుస్తకాలు, కొంత డబ్బు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా వంటివి పెట్టి, ఆరెగాన్‌లోనే బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర దాచి, ఆ స్థలపు అంకెలను ప్రకటించాడు. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ అనే అతను దానిని కనుగొన్నాడు. ఆ ఒక్క బకెట్టు నుండి మొదలై నేడు ప్రపంచమంతటా లక్షలాది డబ్బాలు వెలిశాయి.

నా అభ్యంతరాలు

దాచిన వస్తువును వెతికి తెరవడం అనగానే నా బుద్ధి నేరుగా ఫిఖ్హ్ గ్రంథాల వైపు పోయింది. దారిలో దొరికిన సొమ్మును మన శాస్త్రంలో ‘లుఖతా’ అంటారు. దొరికిన సంచిని, దాని మూతి కట్టిన తాడును గుర్తు పెట్టుకుని, ఒక సంవత్సరం పాటు చాటింపు వేయమని దైవప్రవక్త (స) ఒక ప్రశ్నకర్తకు బోధించారు. అదే సందర్భంలో తప్పిపోయిన గొర్రె సంగతీ వచ్చింది. దానిని పట్టుకోకపోతే తోడేలు పాలవుతుంది కనుక తీసుకోమన్నారు. ఒంటె సంగతి అడిగినప్పుడు మాత్రం ఆయన అసంతృప్తి చెందారు. దాని కాళ్లు దానికున్నాయి, దాని నీరు దాని కడుపులోనే ఉంది, యజమాని వచ్చేదాకా దాని మానాన దానిని వదలమన్నారు.

ఇది విని మనవడు కాసేపు ఆలోచించాడు. “దాదా, ఈ పెట్టె తప్పిపోలేదు కదా? యజమానే పెట్టాడు, తెరవమని కూడా చెప్పాడు” అన్నాడు. నిజమే. యజమాని అనుమతి ఉన్నచోట లుఖతా ఆదేశం వర్తించదు. అమానతు ఆదేశం వర్తిస్తుంది. తెరిచినవాడు దానిని చెడగొట్టకుండా, తడవకుండా, మరొకరికి దక్కేలా ఉంచి రావాలి. తాళం లేదు, కావలివాడు లేడు, చూసేవాడూ లేడు. ఆట మొత్తం ముక్కూ మొహం తెలియని మనుషుల నమ్మకం మీద నిలబడి ఉంది. కాలక్షేపం అన్న నా రెండవ అభ్యంతరం దీనితోనే సగం తీరింది. మిగతా సగాన్ని పిల్లలు తెరలను వదలి నా చేయి పట్టుకుని నడిచిన మైళ్లు తీర్చాయి.

చీమ నుండి తాబేలు దాకా

పిల్లలు ఫోనులోని పటంలో వెతికి ఏడు పేర్లను ఏరారు: చీమ, కప్ప, ఉడుత, కొంగ, తాబేలు, గుడ్లగూబ, బీవర్. అవి ఎక్కడున్నాయో ఇక్కడ వ్రాయను. వెతికేవారి ఆనందాన్ని చెడగొట్టరాదన్నది ఆ ఆట మర్యాద.

చీమ పెట్టె నిజంగా చీమంతే. ఒక పార్కు కంచె స్తంభం వెనుక, బొటనవ్రేలంత గొట్టం; లోపల చుట్టిన కాగితం. హజ్రత్ సులైమాన్ (అ) సైన్యం వస్తుండగా ఒక చీమ తన తోటివారిని ఇళ్లలోకి పొమ్మని హెచ్చరించిన సంగతిని, ఆ చక్రవర్తి దాని మాట విని చిరునవ్వు నవ్వి, ప్రభువుకు కృతజ్ఞుడై ఉండే భాగ్యాన్ని వేడుకున్న సంగతిని పిల్లలకు చెప్పాను. ఆ చీమ పేరుతోనే ఒక సూరా ఉందని తెలిసి మనవరాలు కాళ్ల కింద చూసుకుంటూ నడవసాగింది.

కప్ప పెట్టె కోసం పొదలు తడుముతుండగా చిన్న ఇబ్బంది ఎదురైంది. తలపై టోపీ, నెరసిన గడ్డం, పొడవాటి లాల్చీతో ఒక పరదేశి పార్కులో వంగి పొదల్లోకి తొంగి చూస్తుంటే ఎవరికైనా అనుమానం కలుగుతుంది. కుక్కను నడిపించుకుంటూ వచ్చిన ఒక వృద్ధురాలు ఆగి, ఏమి పోగొట్టుకున్నారని అడిగింది. నా గుండె దడదడలాడింది. అబ్బాయి నోరు విప్పేలోగానే మనవరాలు “కప్పను వెతుకుతున్నాము” అని జవాబిచ్చింది. ఆమె పకపకా నవ్వి, తానూ కాసేపు మాతో వెతికింది. మందులో వాడటానికి కప్పను చంపవచ్చునా అని ఒక వైద్యుడు అడగగా దైవప్రవక్త (స) వారించారని ఆ రోజు చెప్పాను. అబ్బాయి దానిని ఆంగ్లంలోకి మార్చి చెప్పగా ఆ వృద్ధురాలు తల ఊపుతూ విన్నది.

ఉడుత పెట్టె ఒక దేవదారు వంటి చెట్టు మొదట్లో సులువుగానే దొరికింది. కొంగ పెట్టె ఒక చిత్తడి నేల అంచున ఉంది. అక్కడి నీలి బూడిద రంగు పెద్ద కొంగను 1986 నుండి పోర్ట్‌లాండ్ నగరం తన పక్షిగా గౌరవిస్తున్నది. ఒకటి మా కళ్లెదుటే ఒంటికాలిపై నిలబడి ఉంది. తమ పైన రెక్కలు చాచే పక్షులను నిలిపి ఉంచేది కరుణామయుడేనని సూరె ముల్క్ చెబుతున్నది కదా; అది రెక్క విప్పి లేచినప్పుడు ఆ మాటను వేరుగా వివరించవలసిన అవసరం రాలేదు.

తాబేలు పెట్టె దగ్గర అస్ర్ వేళయింది. గడ్డిపై జానిమాజు పరచి, అలవాటు కొద్దీ పొద్దు వాలే దిక్కుకు తిరిగాను. మనవడు నా భుజం పట్టి ఆపాడు. “దాదా, ఇక్కడ ఖిబ్లా అటు కాదు” అంటూ ఫోను చూపాడు. సూచిక దాదాపు ఉత్తరాన్ని, కాస్త తూర్పు వైపును చూపుతున్నది. కర్నూలులో పుట్టి పెరిగిన నాకు ఖిబ్లా అంటే పడమరే. గోళాకారపు భూమిపై మక్కాకు అతి దగ్గరి దారి అక్కడి నుండి ఉత్తరంగా సాగి వస్తుందని అబ్బాయి వివరించాడు. సుమారు వెయ్యేళ్ల క్రితం అల్‌బీరూనీ నగరాల అక్షాంశ రేఖాంశాలను నిర్ణయించే విధానంపై ఒక గ్రంథమే వ్రాశాడు. గజ్నీ పట్టణానికి ఖిబ్లాను ఖచ్చితంగా తేల్చడం ఆ శ్రమలోని ఒక లక్ష్యం. పిల్లలు డబ్బాను వెతికే అంకెలూ, ఆ మహనీయుడు ఖిబ్లాను వెతికిన అంకెలూ ఒకే జాతివి. ఈ మాట చెప్పగానే మనవడు మొదటిసారి నా వంక ఆసక్తిగా చూశాడు. ఆనాటి నమాజులో వాడు నా పక్కనే నిలిచాడు.

గుడ్లగూబ దగ్గర

ఆరవది గుడ్లగూబ. ఆ రోజు ఉదయం నుండి సన్నని జల్లు. ఎత్తైన చెట్ల నడుమ బురద దారి. అంకెలు చూపిన చోటికి చేరాము. అక్కడొక విరిగిన చెట్టు మోడు, దాని చుట్టూ ఫెర్న్ ఆకుల పొదలు ఉన్నాయి. ముప్పావు గంట వెతికాము. చెట్టు తొర్రలో చేయి పెట్టాము, రాళ్లు కదిపి మళ్లీ యథాస్థానంలో పెట్టాము. పెట్టె జాడ లేదు. నా మోకాళ్లు సలుపుతున్నాయి, మనవరాలు చలికి వణుకుతున్నది, నమాజు వేళ దగ్గర పడుతున్నది.

వెతుకుతూనే పాఠం మాత్రం చెప్పేశాను. చంపబడినవాని ఆత్మ గుడ్లగూబ వంటి పక్షియై తిరుగుతుందని అజ్ఞాన కాలపు అరబ్బులు నమ్మేవారు. దానికి ఆధారమే లేదని దైవప్రవక్త (స) త్రోసిపుచ్చారు. మన పల్లెల్లో గుడ్లగూబ కూస్తే కీడు జరుగుతుందని భయపడటం కూడా ఆ కోవలోనిదే. పాఠం పూర్తయింది, పెట్టె మాత్రం దొరకలేదు.

అప్పుడు నేను అన్న మాటను దాచకుండా వ్రాస్తున్నాను. “బేటా, చోటికి వచ్చాము, చెట్టును చూశాము, పాఠమూ అయింది. దొరికినట్టే లెక్క. దొరికిందని వ్రాసేయి, పోదాం” అన్నాను.

మనవడు నా ముఖంలోకి చూశాడు. “పుస్తకంలో పేరు వ్రాయలేదు కదా దాదా? దొరకలేదు. దొరకలేదనే వ్రాయాలి” అన్నాడు.

“ఎవరు చూస్తారు బేటా?”

ఆ మాట నా నోటి నుండి వెలువడిన మరుక్షణం నా చెవులకే కటువుగా వినిపించింది. ఎవరు చూస్తారు! చూసేవాడు ఎల్లప్పుడూ చూస్తున్నాడని, నీవు ఆయనను చూడలేకపోయినా ఆయన నిన్ను చూస్తున్నాడన్న స్పృహతో ఆరాధించడమే ఇహ్సాన్ అని, జిబ్రీల్ (అ) హదీసును నేను ఎన్ని తరాల విద్యార్థులచే కంఠస్థం చేయించాను? మోకాలి నొప్పి, కొంచెం చలి, ఇంత చిన్న ఆట. అంతమాత్రానికే నా నాలుక జారింది. పెద్ద విషయాల్లో సత్యసంధత నిలుపుకున్నామని మురిసిపోయే మనబోటివారిని ఇటువంటి చిన్న విషయాలే పరీక్షిస్తాయి. పైగా అబద్ధం చెప్పమన్నది పదేళ్ల పసివాడికి.

“నేను అన్నది తప్పు. నీవు చెప్పిందే సరి” అని అక్కడే ఒప్పుకున్నాను. వాడు వెక్కిరించలేదు, గొప్పలు పోలేదు. ఫోనులో ‘దొరకలేదు’ అని నమోదు చేసి, నా చేయి పట్టుకుని బురద దాటించాడు. దారిలో ఇంకొక మాట చెప్పాడు: “దొరకలేదని వ్రాస్తే యజమానికి మేలు దాదా. పెట్టె పోయిందేమోనని వచ్చి చూసుకుంటాడు. దొరికిందని అబద్ధం వ్రాస్తే అతనికి తెలియదు, తరువాత వచ్చేవాళ్లు ఊరికే తిరుగుతారు.” ఒక్క అబద్ధం ఎంతమంది శ్రమను వృథా చేస్తుందో నేను మదరసాలో ఇంత సూటిగా ఎన్నడూ బోధించలేదు.

బీవర్‌క్రీక్ ప్రయాణం

చివరిది బీవర్. తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు అందరమూ కారులో బీవర్‌క్రీక్ వైపు వెళ్లాము. ఆట పుట్టిన చోటు చూసినట్లూ ఉంటుంది, ఊరి పేరులోనే బీవర్ ఉంది కనుక లెక్కకూ వస్తుందని పిల్లల వాదన. పొలాలు, అడవి కలగలిసిన దారి. 45 డిగ్రీల 17.460 నిమిషాల ఉత్తర అక్షాంశం, 122 డిగ్రీల 24.800 నిమిషాల పశ్చిమ రేఖాంశం: మొదటి బకెట్టు దాచిన స్థలం ఇది. ఆ బకెట్టు ఇప్పుడు లేదు. దాని జ్ఞాపకంగా రోడ్డు పక్క చెట్ల మధ్య ఒక ఫలకం నేలపై అమర్చి ఉంది. గోపురం లేదు, టికెట్టు లేదు, తెలియనివాడు గమనించకుండానే దాటిపోతాడు. అక్కడి పెట్టెలోని పుస్తకంలో పిల్లలు మా అందరి పేర్లు వ్రాశారు. నేను నా పేరును తెలుగులో వ్రాశాను.

ఇక బీవర్‌ను గురించి పాఠం చెప్పాలి. ఖుర్ఆన్‌లో ఆవు, తేనెటీగ, చీమ, సాలెపురుగు, ఏనుగు పేర్లతో సూరాలున్నాయి. కాకి, హుద్‌హుద్ పక్షి, చేప, తోడేలు, గుహవాసుల కుక్క ప్రస్తావనలున్నాయి. బీవర్ లేదు. మన దేశంలోనే లేని ప్రాణి. కొన్ని రోజుల ముందు బీవర్టన్‌లోని టువాలటిన్ హిల్స్ నేచర్ పార్కులో అది కొరికి పడగొట్టిన చెట్టు మొదలును మాత్రం చూశాము, పెన్సిలు చెక్కినట్లు ఉంది. ఎలుక జాతికి చెందిన పెద్ద జంతువు. తోక తెడ్డులా బల్లపరుపుగా ఉంటుంది. పళ్ల పై పొరలో ఇనుము ఉండటం వల్ల ముందు పళ్లు నారింజ రంగులో ఉంటాయి, జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొమ్మలతో, బురదతో వాగుకు అడ్డుకట్ట కడుతుంది. ఆ కట్ట వెనుక ఏర్పడిన మడుగులో చేపలు, కప్పలు, పక్షులు బ్రతుకుతాయి.

ఇంత మేలు చేసే ప్రాణిని మనిషి వదలలేదు. యూరపు ధనికుల టోపీల కోసం దాని బొచ్చుకు గిరాకీ పెరిగింది. 19వ శతాబ్ది తొలి భాగంలో హడ్సన్స్ బే కంపెనీ, అమెరికన్ వేటగాళ్లు ఈ వైపు రాకుండా చేయడానికి, స్నేక్ నది పరిసరాల్లో బీవర్ అన్నదే మిగలకుండా వేటాడించింది. రెండు వర్గాల పోటీకి ఒక మూగజీవి సమాజం బలైంది. నేలపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సమాజాలేనని సూరె అన్ఆమ్ ప్రకటించిన సంగతి ఇక్కడ గుర్తు చేశాను. తరువాతి తరాలకు బుద్ధి వచ్చింది. 1969లో ఆరెగాన్ దానిని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. ఆ రాష్ట్ర జెండా వెనుక వైపున దాని బొమ్మే ఉంటుంది.

“ఖుర్ఆన్‌లో లేదు కదా, మరి లెక్కకు వస్తుందా?” అని మనవరాలు దిగులుగా అడిగింది. సూరె నహ్ల్ నాకు తోడ్పడింది. గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను ప్రస్తావించిన వెంటనే, మీకు తెలియనివాటిని కూడా ఆయన సృష్టిస్తాడని అక్కడ ఉంది. “యాభై ఎనిమిదేళ్లు నాకు తెలియని ప్రాణి ఇది. ఆ మాటలో మీ బీవర్ కూడా ఉంది” అన్నాను. పెట్టె లెక్కకు వచ్చింది. ఏడింటిలో ఆరు.

మన ఇళ్లలో

తిరిగి వచ్చాక మదరసా పిల్లలకు ఈ ఆటను మన పరిస్థితులకు తగినట్లు మార్చి నేర్పాను. మన దగ్గర బస్టాండులో, పార్కులో దిక్కులేని డబ్బా కనిపిస్తే జనం భయపడతారు, పోలీసులు వస్తారు. అది సబబే. కావున బహిరంగ స్థలాల్లో ఏదీ దాచరాదు. మదరసా ఆవరణ, బంధువుల మామిడి తోట, సొంత ఇంటి పెరడు చాలును. అదీ పెద్దల అనుమతితోనే. మూత గట్టిగా పట్టే ఆరు డబ్బాలు, ఒక్కొక్కదానిలో ఒక చిన్న నోటు పుస్తకం, ఒక జంతువు బొమ్మ. ఫోను అవసరం లేదు. ఖిబ్లా వైపు ఇరవై అడుగులు, కుడికి పది అడుగులు అని చీటీ వ్రాస్తే పిల్లలకు దిక్కులూ పట్టుబడతాయి. తినుబండారాలు పెట్టవద్దు, చీమలు, ఉడుతలు, కుక్కలు డబ్బాను చెడగొడతాయి, వాటికీ హాని. పక్షి గూళ్లను తాకవద్దు. తిరిగి వచ్చేటప్పుడు దారిలోని చెత్తను ఏరి తేవాలి. బాటలోని హానికర వస్తువును తొలగించడం దానమని మన ప్రవక్త (స) నేర్పారు కదా. అన్నిటికంటే ముఖ్యం, దొరకనివాడు ‘దొరకలేదు’ అని ధైర్యంగా వ్రాసేందుకు పుస్తకంలో ఒక పుట ఉంచండి. ఆ పుటలో వ్రాసినవాణ్ణి అందరి ఎదుట మెచ్చుకోండి.

గుడ్లగూబ సంగతి మిగిలింది. మేము ఊరు చేరిన మూడు వారాలకు మనవడి నుండి కబురు వచ్చింది. ‘దొరకలేదు’ అన్న నమోదు చూసి పెట్టె యజమాని వెళ్లి చూస్తే అది నిజంగానే మాయమై ఉందట. కొత్తది పెట్టి, మనవడికి కృతజ్ఞతలు వ్రాశాడట. పిల్లలు మళ్లీ వెళ్లి వెతికి పట్టారు. పుస్తకపు పుటను ఫొటో తీసి పంపారు. అందులో మనవడి పేరు, మనవరాలి వంకర అక్షరాల పేరు, అబ్బాయి, కోడలి పేర్లు ఉన్నాయి. కింద ఒక గీత ఖాళీగా ఉంది.

ఫోనులో మనవడు అన్నాడు: “మీ పేరు వ్రాయలేదు దాదా. మీరు రాలేదు కదా. మీ కోసం చోటు వదిలాను, మళ్లీ వచ్చినప్పుడు మీరే వ్రాయండి.”

ఇన్షా అల్లాహ్, వ్రాస్తాను.